తెర మీద అతుకు కనపడొద్దన్న మా యాదగిరి చిన్నాయన

బాపు నాకు పగటిపూట ఫోన్ చేయడు.

నిన్న పొద్దున ఆఫీసు మీటింగ్ మధ్యలో ఆయన పేరు కనిపిస్తే కట్ చేశాను. మళ్లీ వచ్చింది. బయటికి వెళ్లి ఎత్తాను.

"బిడ్డా, చిన్నాయన పోయిండు. నల్గొండ దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వలనే."

నేను "సరే" అన్నాను.

ఎందుకు సరే అన్నానో ఇప్పటికీ తెలియదు. లోపలికి వెళ్లి నా ప్రెజెంటేషన్ పూర్తి చేశాను కూడా. తరువాత బస్సెక్కాను.

తెలియనివాళ్ల కోసం: యాదగిరి చిన్నాయన మా బాపుకు ఒక్కడే తమ్ముడు. నకిరేకల్ చుట్టుపక్కల పెళ్లిళ్లకు, మీటింగులకు ఎల్‌ఈడీ వాల్ కిరాయికిచ్చేవాడు. అంతకు ముందు చేనేత. బాపు ఇప్పటికీ నేస్తాడు.

చిన్నాయన తన గుంట మగ్గం పీకేసి, గుంట పూడ్చి, ఆ జాగాలో ఎల్‌ఈడీ పెట్టెలు పేర్చుకున్నాడు. ఆ రోజు నుంచి బాపు ఆయనతో మాట్లాడలేదు. పక్కపక్క ఇళ్లు, మధ్యలో ఒకే గోడ. కబుర్లన్నీ చిన్నమ్మ ద్వారానో నా ద్వారానో నడిచేవి. తమ్ముడు కట్టిన స్క్రీన్ ఒక్కటి కూడా బాపు చూడలేదు. ఏ పెళ్లికి వెళ్లినా భోజనాల దగ్గరి నుంచే వెనక్కి వచ్చేసేవాడు.

బీటెక్ అయ్యాక మొదటి ఉద్యోగం మానేసి, రెండోది దొరక్క ఇంట్లో ఉన్న రోజుల్లో నేను చిన్నాయనతో పనిచేశాను. చిన్నమ్మ దాన్ని "తిరుగుడు" అనేది.

దూరం నుంచి ఒకటే తెరలా కనిపించే ఎల్‌ఈడీ వాల్ నిజానికి చిన్న చిన్న పలకల అతుకు. వాటిని మాడ్యూల్స్ అంటారు. హుజూర్‌నగర్‌లో ఒక మీటింగ్‌లో వానకు తడిసి కొన్ని పోయాయి. కొత్తవి తెప్పించాడు.

పాతవి వాడివాడి కొంచెం పసుపుకు తిరిగాయి. కొత్తవి నీలం కలిసినట్టున్న తెలుపు. రెండూ ఆనుకున్నచోట గీత గీసినట్టే. పూలు, లైట్లు చూపిస్తే ఎవరూ పట్టించుకోరు. మనిషి మొహం వస్తే దాగదు.

సరిగ్గా అప్పుడే మా మేనత్త కూతురి రిసెప్షన్. బాపు మేనమామ కాబట్టి మొదటి వరుసలో కూర్చోక తప్పదు.

"అన్న కండ్ల సంగతి నీకెర్క లేదు. చీర ఇట్ల ఇప్పితె చాలు, యాడ పోగు మారిందో చెప్తడు. గాయన ముంగట అతుకు కనపడ్డదనుకో, ఇగ జన్మల నా మొహం చూడడు" అన్నాడు చిన్నాయన.

అందుకని నేతగాడి ఉపాయమే వేశాడు. రంగులో కాస్త తేడా ఉన్న నూలు వస్తే మా ఇళ్లలో అడ్డపోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెలు రెండు పెట్టి నేస్తారు. ఒక పోగు దీనిది, ఒక పోగు దానిది. తేడా బట్టంతా పరుచుకుని, గీత అనేదే పడదు.

అదే లెక్కన ఒక పాతది, ఒక కొత్తది చొప్పున వాల్ మొత్తం మార్చి బిగించాడు. పార్ట్‌నర్ సైదులు మధ్యాహ్నం దాకా విప్పి బిగిస్తూనే ఉన్నాడు. తేడా ఉంటే బయటపడాలని తెర మీద బూడిద రంగు పెట్టి చూశాం.

చదరంగం బల్ల.

పోగు వెంట్రుకంత సన్నం. మాడ్యూల్ జానెడుకు పైనే. కలవదు.

"మామా, పెండ్లెందుకు, చెస్ టోర్నమెంట్ పెడదాం" అన్నాడు సైదులు.

చిన్నాయన నవ్వలేదు. చిట్టచివరి కుర్చీల దాకా నడిచి, అక్కడి నుంచి అరిచాడు. "గీడికెళ్లి చూస్తె ఏం కనపడ్తలేదు గదా!"

"అయితే బాపును గక్కడనే కూసోబెడదాం" అన్నాను.

ల్యాప్‌టాప్‌లో ఒక్కో మాడ్యూల్ వెలుగునూ రంగునూ విడిగా తగ్గించవచ్చు. కొత్తవాటిని పాతవాటి స్థాయికి దించుదామన్నాను. ఆయనకు అసలు నచ్చలేదు.

"కొత్తదాన్ని ముసలిదాన్ని చేస్తవా పిల్లా?"

"పాతదాన్ని పడుచు చేసుడు నాతోని గాదు చిన్నాయనా."

చివరికి రెండూ చేశాం. వాళ్లిద్దరూ వరస లేకుండా కలిపేసి బిగించారు, నేను కొత్తవాటిని ఒక్కొక్కటే దించాను. ఆయన తెరకు ముక్కు ఆనించి నిలబడి "ఇంక జర, ఇంక జర, ఆపు!" అంటూ పోయాడు. చుట్టాలు వచ్చేసరికి తెర ఒక్క రంగులో నిలిచింది.

దాదాపు.

పెళ్లికూతురి మొహం తెరంతా వచ్చింది. మొదటి వరుసలోంచి బాపు లేచాడు. కంట్రోల్ టేబుల్ వెనక చిన్నాయన నా మణికట్టు పట్టుకున్నాడు. నొప్పి పుట్టింది.

బాపు భోజనాల వైపు పోలేదు. తెర దగ్గరికి వెళ్లి, తల పక్కకు వంచి, మగ్గం మీది బట్టను చూసినట్టే చూశాడు. తరువాత మా దగ్గరికి వచ్చాడు.

"పిల్ల చెవికమ్మ కాడ ఒకటి జర పసుపు కొడ్తాంది రా."

అన్నేళ్ల తరువాత తమ్ముడితో అన్న మొదటి మాట అది.

"ఏది అన్నా? సూపెట్టు."

ఇద్దరూ వెళ్లి పెళ్లికూతురి చెవి కింద నిలబడి, వేళ్లు చూపించుకుంటూ వాదించుకున్నారు. అడ్డు తప్పుకోమని ఫొటోగ్రాఫర్ అరిచినా జరగలేదు.

దాన్ని రాజీ అనను. మగ్గం పీకినందుకు బాపు ఆ తరువాత కూడా తిడుతూనే ఉన్నాడు. కానీ కొత్త మాడ్యూల్స్ వచ్చినప్పుడల్లా చిన్నాయన బాపును బండి మీద ఎక్కించుకుపోయేవాడు, ఈయన ముందు కుర్చీలో కూర్చుని వంకలు పెట్టేవాడు.

నిన్న దహనం దగ్గర బాపు ఏడవలేదు. నేనూ ఏడవలేదు.

ఇవాళ పొద్దున సైదులు బాపుకు ఫోన్ చేశాడు. కట్టంగూర్‌లో ముందే ఒప్పుకున్న పెళ్లి. వాల్ కట్టాడు, మధ్యలో అతుకు కనిపిస్తోంది.

"మైలల నేను పెండ్లికి రావద్దురా" అన్నాడు బాపు. ఫోన్ పెట్టేయబోయి, మళ్లీ చెవికి ఆనించుకున్నాడు.

"వీడియో కాల్ చెయ్. బూడిద రంగు పెట్టు."

తడి తువాల భుజాన వేసుకుని, వాకిట్లో నిలబడి, ఫోన్ కళ్లకు దగ్గరగా పట్టుకున్నాడు.

"జర వెనకకు జరుగు, గీతలు గీతలొస్తున్నయ్. ఆ. ఎడమ దిక్కు. ఇంక కిందికి. గా రెండు మార్చు... ఇగ మంచిగైంది."

చిన్నాయనా, నువ్వు నిమ్మళంగ ఉండు. ఇక్కడ అన్న చూసుకుంటున్నాడు.