పరుపులు మళ్ళీ పరిచిన రోజు

తెలుగువాళ్ళ పుట్టినరోజు పార్టీల్లో నన్ను "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగినవాళ్ళు ఆ ప్రశ్న రెండోసారి అడగరు. ఆక్లండ్‌లో మనవాళ్ళ ఉద్యోగాలు చాలావరకు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఐటీ అంటే చాలు, తల ఊపి బిర్యానీ వైపు వెళ్ళిపోవచ్చు. నాది ఒక్క ముక్కలో రాదు. ఈ దేశంలో దానధర్మాలు చేసే ట్రస్టులు చాలా ఉన్నాయి. అవి చెట్లకిస్తాయి, పిట్టలకిస్తాయి, పడవ పందేలకిస్తాయి. పరాయి దేశం నుంచి వచ్చి యజమాని గుప్పిట్లో చిక్కుకున్న మనిషికి ఇవ్వాలంటే మాత్రం కాస్త దగ్గుతాయి. సాయం అంటే పర్సు తీస్తారు, న్యాయం అంటే కళ్ళజోడు తీస్తారు. అలాంటి దాతలను ఒక చోట కూర్చోబెట్టి, వలస వచ్చినవాళ్ళు అలుసైపోకుండా చూసే పనులకు డబ్బు ఇప్పించడం నా ఉద్యోగం.

ఆల్బనీలో మా పక్కింటి ఆంటీకి ఒకసారి ఇదంతా ఓపిగ్గా వివరించాను. ఆవిడ చేతిలోని పకోడీ పూర్తిచేసి, "అంటే అడుక్కోవడమేనా అమ్మా? కాకపోతే కారులో వెళ్ళి" అన్నారు. అంతకంటే మంచి నిర్వచనం మా వెబ్‌సైట్‌లో కూడా లేదు.

నా పదవి పేరు డైరెక్టర్. సంస్థలో నేను కాక ఇంకొకామె ఉంది, ఆమె కూడా వారంలో సగం రోజులే వస్తుంది. కాబట్టి నేను డైరెక్ట్ చేసేది ఎక్కువగా నన్నే. సినిమాలు తీసే డైరెక్టర్లకూ నాకూ ఏ పోలికా లేదనుకునేదాన్ని. బోటనీ డౌన్స్‌లో ఒక ఇంట్లో ఆ శనివారం పొద్దున్న వరకు.

ఆ ఇంటి ఇల్లాలిది గోదావరి వైపు. ఇక్కడ ఒక రెస్టారెంట్‌లో వంటపనికి వీసా మీద వచ్చింది. యజమానితో ముడిపడిన వీసా అది. పని పోతే దేశంలో ఉండే హక్కూ పోతుంది. యజమాని కూడా మన తెలుగువాడే కాబట్టి ఆ ముడి ఎక్కడ లాగితే ఎక్కడ బిగుస్తుందో ఆయనకు బాగా తెలుసు. ఒంట్లో బాగాలేదన్నా, ఆదివారం రాలేనన్నా, "నీ వీసా సంగతి గుర్తుందిగా" అనేవాడట. చివరికి ఆమె ఫిర్యాదు చేసింది, పని పోయింది. వలస కార్మికుల కేసులు ఉచితంగా చూసే ఒక చిన్న లాయర్ల ఆఫీసు ఆమె కేసు తీసుకుంది. ఆ ఆఫీసుకు డబ్బు సమకూర్చడమే ఆ ఏడాది మా ముఖ్యమైన పని. డబ్బు రాకపోతే ఆఫీసు మూతపడుతుంది, ఆమె కేసు మధ్యలో ఆగిపోతుంది, భార్యాభర్తలిద్దరూ సామాన్లు సర్దుకోవాల్సిందే.

ఒక పెద్ద కుటుంబ ట్రస్టు దాదాపు ఒప్పుకుంది. నిర్ణయానికి ముందు వాళ్ళ పెద్దావిడ ఒక మాటన్నారు. కాగితాలు చాలా చదివాను, ఎవరి ఇంటికైనా వెళ్ళి కాసేపు కూర్చుని మాట్లాడాలని ఉంది, కుదురుతుందా అని. ఎందుకు కుదరదు అన్నాను. ఈమెకు ఫోన్ చేశాను.

"మా ఇంటికా అక్కా? ఆవిడా? అయ్యబాబోయ్, ఎప్పుడండి?" అంది.

ఆ గొంతులో ఉన్నది భయం అనుకున్నాను. సంబరం అని తర్వాత తెలిసింది.

ఆ ఇల్లు నేను ముందే చూసి ఉన్నాను. రెండు కుటుంబాలు కలిసి అద్దెకు తీసుకున్న ఫ్లాట్ అది. వీళ్ళిద్దరికీ హాలే పడకగది. రెండో కుటుంబం తాలూకు బంధువులెవరో కూడా అక్కడే పడుకునేవాళ్ళు. నేల కనిపించకుండా పరుపులు, మధ్యలో తాడుకి కట్టిన దుప్పటి, కిటికీలో ఆరేసిన బట్టలు. పెద్దావిడ ఒక్కసారి ఇది చూస్తే చాలు, నేను మాట్లాడే అవసరమే ఉండదనుకున్నాను. మాట్లాడే అవసరం లేని రోజులు నా ఉద్యోగంలో అరుదు.

ఆవిడకంటే కాస్త ముందుగా వెళ్ళాను. తలుపు తీయగానే అగరొత్తుల వాసన, దాని వెనకే గారెల వాసన. ఆమె పట్టుచీర కట్టుకుని నిలబడింది. హాల్లో ఒక్క పరుపు లేదు. లేసు గుడ్డ వేసిన సోఫా ఉంది. బల్ల మీద బంగారు అంచు కప్పులు.

"ఇదేంటమ్మాయ్, పరుపులేవి?"

"గరాజ్‌లో పెట్టించేశానండి. పొద్దున్నే అందరూ కలిసి మోసేశారు. వాళ్ళందర్నీ మాల్‌కి తోలేశాను, సాయంత్రం దాకా ఇటు రావద్దని. సోఫా వెనక వీధి ఆంటీ వాళ్ళది, ట్రైలర్ మీద తెచ్చుకున్నాం. కప్పులూ వాళ్ళవే. ఎలా ఉందండి అక్కా?"

"మా ఇంటికంటే బాగుంది" అన్నాను.

నిజమే చెప్పాను. ఆమె పొంగిపోయింది. నేను కుంగిపోయాను. పెద్దావిడ వచ్చి ఆ సోఫాలో కూర్చుని, ఆ కప్పులో టీ తాగి, ఈ చక్కటి సంసారానికి నా డబ్బెందుకు అనుకుంటూ వెళ్ళిపోవడం నా కళ్ళ ముందు కనిపించింది.

"పరుపులు మళ్ళీ తెచ్చి పరుద్దామా?" అన్నాను.

"జోకులేస్తున్నారా అక్కా?"

"కాదు. మీరు మామూలుగా ఎలా ఉంటున్నారో ఆవిడ చూడాలి కదా."

"ఇంటికొచ్చే మనిషికి పడకలు చూపిస్తామా అండి?"

"ఇది మామూలుగా ఇంటికి రావడం కాదమ్మా."

"మరింకేంటండి? ఇంటికే కదా వస్తున్నారు?"

జవాబు లేనివాళ్ళు చేసే పనే చేశాను. "చూడమ్మాయ్, నీ వీసా దీని మీదే ఆధారపడి ఉంది" అన్నాను.

ఆమె గరాజ్ తాళంచెవి తెచ్చి భర్త చేతిలో పెట్టింది. ఆ మాట ఆమె అంతకుముందు ఎవరి నోట, ఎన్నిసార్లు విందో అప్పుడు నాకు తోచలేదు. తిరిగి వెళ్ళేటప్పుడు మోటర్‌వే మీద తోచింది. అక్కడ కారు ఆపడానికి వీల్లేదు.

పరుపులు నేనూ ఆమె భర్తా మోశాం. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఒక కొస ఆయన, ఒక కొస నేను. గరాజ్ నుంచి హాలుకు వచ్చే మెట్టు దగ్గర మాత్రం "జాగ్రత్తండి, పడతారు" అన్నాడు. నేను అప్పటికే పడిపోయిన సంగతి ఆయనకు తెలియదు. సోఫాను మూలకు తోయించి, దాని మీద దుప్పట్లు గుట్టగా వేయించాను. ఒక పరుపు గోడవారగా నీటుగా ఉంటే కాలితో కాస్త వంకరగా జరిపాను. ఆ వంకర గుర్తొస్తే ఇప్పటికీ నా కాలి మీద నాకే రోత పుడుతుంది. తర్వాత ఆమె చీర వైపు చూశాను. నేను నోరు తెరవకముందే లోపలికి వెళ్ళి, వెలిసిపోయిన చుడీదార్ వేసుకుని వచ్చింది.

"తినడానికి కూడా ఏమీ పెట్టొద్దమ్మా. సరేనా?"

"మంచినీళ్ళన్నా ఇవ్వొచ్చాండి?" అంది.

పెద్దావిడ వచ్చారు. గుమ్మం దగ్గర ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పారు. ఒక సాక్సుకు బొటనవేలి దగ్గర చిల్లుంది. చేతిలో కాగితం సంచి. అందులో వాళ్ళ పెరట్లో రాలిన ఫిజోవా పళ్ళు. ఇక్కడివాళ్ళు ఆ రుతువులో ఎవరింటికి వెళ్ళినా ఆకుపచ్చటి ఆ పళ్ళు పట్టుకెళ్తారు. అంటే ఆవిడ చుట్టపుచూపుగానే వచ్చారు. ఇది మామూలుగా ఇంటికి రావడం కాదన్నది ఆ ఇంట్లో నేనొక్కదాన్నే.

కూర్చోవడానికి చోటు లేదు, ఆ చోటు లేకుండా చేసింది నేనే. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా పరుపు మీదే కూర్చున్నారు. అతిథిని తాము పడుకునే పక్క మీద కూర్చోబెట్టినందుకు ఆ ఇల్లాలి ముఖం ఎలా అయిపోయిందో చెప్పలేను. ఎదురుగా చాప మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. రెస్టారెంట్‌లో వంటతోపాటు కౌంటర్ పని కూడా చేయించేవాళ్ళు కాబట్టి, కస్టమర్లతో మాట్లాడీ మాట్లాడీ ఆమె ఇంగ్లీషు బాగానే ఉండేది. పని గంటలు, బెదిరింపులు, ఫిర్యాదు, అన్నీ వరసగా, నేను ఫోన్‌లో చెప్పిన వరసలోనే చెప్పింది. అయిపోయాక అదే గొంతుతో, నా వైపు చూసి తెలుగులో అంది.

"ఇంకా ఏడవాలా అక్కా?"

పెద్దావిడ నా వైపు తిరిగి, ఏమంటోంది అని అడిగారు.

"టీ తాగుతారా అని అడుగుతోంది" అన్నాను ఇంగ్లీషులో.

ఆ మాట ఆమెకు పూర్తిగా అర్థమైంది. నా వంక ఒక్క క్షణం చూసింది. ఆ చూపులో కోపం ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని. లేచి వంటింట్లోకి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు పళ్ళెంలో టీ ఒక్కటే లేదు. గారెలు, కొబ్బరి పచ్చడి, గిన్నెలో పాయసం, అన్నీ ఉన్నాయి. కప్పులు బంగారు అంచువే.

పెద్దావిడ గారె చేతిలో తిప్పి చూసి, మధ్యలో ఈ చిల్లు ఎలా పెడతారన్నారు. ఈమె అరచెయ్యి తడుపుకునే విధానం చూపించింది. ఆవిడ తన సాక్సు చిల్లు చూపించి, మా ఇంట్లో చిల్లులు వాటంతటవే పడతాయన్నారు. ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నారు. మినప్పప్పు నానబెట్టడం గురించి, పెద్దావిడ అత్తగారి గురించి, వర్షాల గురించి. నా అవసరం ఎవరికీ పడలేదు. నేను వంకరగా జరిపిన పరుపు అంచున కూర్చుని ఉంటే, ఆమె పళ్ళెం నా ముందుకు జరిపింది.

"మీరూ తినండి మేడం."

అప్పటివరకు అక్కా అన్న మనిషి.

పెద్దావిడను కారు దాకా సాగనంపాను. తలుపు తీస్తూ ఆవిడ, "నాకోసం ఇల్లంతా సర్దినట్టున్నారు పాపం. ఎవరైనా వస్తున్నారంటే మా అమ్మా ఇలాగే హైరానా పడేది. ఈసారి వస్తే ఏమీ కదపొద్దని చెప్పండి" అన్నారు.

"చెప్తాను" అన్నాను.

నేను బయలుదేరేటప్పుడు ఆమె మిగిలిన గారెలు స్టీలు డబ్బాలో పెట్టి కారు సీట్లో ఉంచింది. వద్దనడానికి నాకు ముఖం చెల్లలేదు.

ట్రస్టు డబ్బిచ్చింది. లాయర్ల ఆఫీసు నిలబడింది, కేసు నిలబడింది, ఆమె కూడా నిలబడింది. వెల్లింగ్టన్‌లో వేరే యజమాని దగ్గర పని దొరికి, దాని మీద కొత్త వీసా వచ్చింది. నేను నా రిపోర్టులో ఆ శనివారం గురించి 'మనసు విప్పి మాట్లాడుకున్న ఒక ఉదయం' అని రాశాను. అందరూ మెచ్చుకున్నారు. ఎంతగా మెచ్చుకున్నారంటే, ఈ మధ్య వెల్లింగ్టన్‌లో ఇంకో ట్రస్టువాళ్ళు, మాకూ అలాంటి ఇల్లు ఒకటి చూపించగలరా అని అడిగారు.

వాళ్ళను కలవడానికి వెళ్ళినప్పుడు ఆ స్టీలు డబ్బా వెంట తీసుకెళ్ళాను. అన్నాళ్ళూ అది మా వంటింట్లోనే ఉండిపోయింది. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదు కదా. అందులో ఏం పెట్టి ఇవ్వాలో తేల్చుకోలేక పోస్టులో కూడా పంపలేదు. చివరికి సున్నుండలు చేశాను. ఆల్బనీలో ఉండలుగా బయలుదేరినవి విమానం దిగేసరికి సున్నిగా మిగిలాయి.

మీటింగ్‌లో ఇల్లు చూపించడం కుదరదని చెప్పాను. కావాలంటే మా ఆఫీసుకు రండి, టీ ఇస్తాను, లాయర్లతో మాట్లాడండి అన్నాను. ఆలోచించి చెప్తామన్నారు. నేను గొప్ప పని చేసినదానిలా రైలెక్కి జాన్సన్‌విల్‌లో ఆమె ఇంటికి వెళ్ళాను.

చిన్న ఫ్లాట్, కానీ అంతా వాళ్ళదే. సోఫా వాళ్ళది. పడకగది తలుపు మూసి ఉంది. ఆమె నన్ను కూర్చోబెట్టి డబ్బా మూత తీసి చూసింది.

"సున్నుండలాండి?"

"ఒకప్పుడు."

నవ్వి, చెంచా తెచ్చుకుని తింది. ఆ నవ్వు చూసి ధైర్యం వచ్చింది. కొత్త ట్రస్టు సంగతి, కుదరదని చెప్పిన సంగతి చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను కాబోలు.

"అయ్యో, అదేంటండి? డబ్బులివ్వకపోతేనో?" అంది. "అక్కడ ఇంకెవరి కేసో ఆగిపోదాండి?"

నేను డబ్బా మూత అందుకుని తుడవడం మొదలుపెట్టాను.

"మా ఇల్లు ఇచ్చేదాన్నే. కానీ ఇది మీకు పనికిరాదులెండి మేడం, బాగుంది" అంది. వంటింట్లోంచి భర్త నవ్వు వినిపించింది. అంతవరకు ఆయన ఇంట్లో ఉన్నాడని కూడా నాకు తెలియదు. "పాత పరుపులు ఆ గరాజ్‌లోనే ఉండుంటాయి. కనుక్కోమంటారా?"

నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా. తర్వాత, "ఆ రోజు నేను నిన్ను అలా..." అని మొదలుపెట్టాను.

"వీసా వచ్చింది కదండి" అంది వెంటనే. "మీరు చెప్పినట్టు చేశాం, వచ్చింది. ఇంకా దాని గురించెందుకు?"

క్షమాపణ చెప్పడానికి ఎంతో దూరం నుంచి వచ్చినా, అది పుచ్చుకునే తీరిక ఎదుటివాళ్ళకు ఉండాలి కదా. ఆమె పళ్ళెం తెచ్చింది. గారెలు, కొబ్బరి పచ్చడి. నేను తింటుంటే ఎదురుగా నిలబడింది.

"నువ్వు కూడా కూర్చోమ్మా. అయినా ఈ మేడం ఏంటి? ముందు అక్కా అనేదానివి."

"అలవాటైపోయిందండి" అంటూ పళ్ళెంలో ఇంకో గారె వేసింది.

"చాలమ్మా."

"తినండి మేడం" అంది.