అనంతమ్మ విప్పిన నల్లాగుడ్డ

అద్దెకు వచ్చేవాళ్లు గోడలు చూస్తారు, వాస్తు చూస్తారు. అనంతమ్మ మాత్రం ముందు నల్లా తిప్పి వాసన చూసింది. ఆమె వడ్డేపల్లి ఆడబిడ్డ, గద్వాలలో మొగుడితో కలిసి చీరలు నేస్తుంది. పదకొండేళ్లలో నాలుగు కొంపలు మారి మా పక్కవాటాలోకి పాలు పొంగించడానికి వచ్చింది. ఇంటి యజమానురాలిని నేను ఎదురుగా ఉండగానే ముక్కు మూసుకుంది. నాకు ఒళ్లు మండింది.

"ఏందే, నా ఇంట్ల నీళ్లు కంపు గొడుతున్నయా?"

"కోపం జేస్కోకు పెద్దమ్మా. ఇల్లు ఎన్నాళ్లసంది మూసున్నది?"

"మునుపటోళ్లు పూనాకు పోయి నాలుగు నెలలాయె. అయితేంది? నల్లాకు గుడ్డ గట్టే ఉన్నది గద!"

గుడ్డ కడితే నీళ్లు శుభ్రమని ఇన్నేళ్లూ వాడంతటికీ చెప్పినదాన్ని. ఆమె ముడి విప్పి ఆ గుడ్డను నా చేతిలో పెట్టింది. చీమిడిలా జిగట, మడతలో పురుగు. ఛీ! విసిరికొట్టి చెయ్యి గోడకు రాసుకున్నాను.

"మా ఆయన నెమ్ము జేసి పది దినాలు దవాఖానల పండి వచ్చిండు. నిలిచిన నీళ్ల తుంపర ముక్కులకు పోతే మళ్ల గదే రోగమన్నడు డాక్టరు. గీ నీళ్లుంటే నేను దిగ."

"ముహూర్తం దాటిపోతది!"

"మనిషే పోయినంక ముహూర్తమేం జేస్కోను?"

మొగుడు శివశంకర్ బయట అరుగు మీద, ముక్కుకు తువ్వాల చుట్టుకుని కూర్చున్నాడు. నా ట్యాంకు మీద నమ్మకంతో "ఎక్కి చూడు పో" అని నేనూ మిద్దె ఎక్కాను. ఎక్కకపోయినా బాగుండేది. మూత ఎప్పుడో గాలికి పోయింది, దాని బదులు చినిగిన ఫ్లెక్సీ, దాని నిండా పావురాల రెట్ట. లోపల గోడలకు పచ్చటి పాకుడు, ఉబ్బి తేలుతున్న బల్లి. ఆ ట్యాంకు నా వాటాకూ అదే. పొద్దున నేను పుక్కిలించింది ఆ నీళ్లే. పిట్టగోడ పట్టుకుని వాంతి చేసుకున్నాను.

"ఎప్పుడు కడిగినవు పెద్దమ్మా?"

"దసరాకు."

ఏ దసరాకో నాకే గుర్తు లేదు.

అనంతమ్మ కొంగు బిగించి ట్యాంకు ఖాళీ చేసింది, అడుగు బురద ఎత్తింది, బ్రష్షుతో రుద్దింది. కొత్త మూత తెప్పించింది. బ్లీచింగ్ కలిపిన నీళ్లు నింపి, ప్రతి నల్లాలో ఆ వాసన వచ్చేదాకా వదిలి, కట్టేసి, సాయంత్రం దాకా ఆగింది. షవర్ జాలీ విప్పితే నల్లటి ముద్ద జారింది. దాన్ని తోమి మరిగే నీళ్లలో వేసింది. చివరికి ఆ బ్లీచింగ్ నీళ్లు పారబోసి, మంచినీళ్లు నింపి, కిటికీలు తెరిచి నల్లాలన్నీ వదిలింది.

"నువ్వు రాకు, ఆడనే కూసో!" అని మొగుడి మీద అరిచింది.

"కొత్త కోడలు లెక్క గడపవతల నిలవెడితివి గదనే" అన్నాడతను.

ఘాటు తగ్గాక పాలగిన్నె పొయ్యి మీద పెట్టింది. అగ్గిపుల్ల మాత్రం గీయలేదు.

"మూడు నెలలకోపారి ట్యాంకు కడిగిస్తవా? చెప్పు. లేకుంటె ఇప్పుడే సామాను ఎత్తుకపోత."

నన్ను అంత మాట అడిగినవాళ్లు లేరు. అయినా నోట్లో ఆ బల్లి కంపు ఇంకా పోలేదు.

"కడిగిస్త తియ్యి" అన్నాను.

పొయ్యి వెలిగించి, వాకిలి వైపు తిరిగి మొగుణ్ని లోపలికి పిలిచింది.