తప్పు చేసే పిల్లవాడు

వ్యాయామ పాఠంలో తప్పు దిద్దడానికి పది మార్కులుండేవి. పిల్లలను వరుసలో నిలబెట్టడానికి ఇన్ని, ఆజ్ఞలు గట్టిగా ఇవ్వడానికి ఇన్ని, చేసి చూపించడానికి ఇన్ని అని పరీక్షకు వచ్చిన అధికారి చేతిలో ఒక కాగితం ఉంటుంది. అందులో ‘తప్పులు గుర్తించి సరిదిద్దుట’ అని ఒక గడి. ఆ గడిలో నాకు పదికి ఎన్ని పడ్డాయో ఇప్పటికీ గుర్తుంది. ఎలా పడ్డాయో అంతకంటే బాగా గుర్తుంది.

డెబ్భైల చివర సంగతి. మాది రాయికోడ్ దగ్గర ఒక ఊరు. జొన్న, కంది వేసుకునే ఇల్లు. పదో తరగతి గట్టెక్కాక రెండేళ్ళు ఖాళీగా తిరిగి, చివరికి హైదరాబాద్‌లో వ్యాయామ విద్య శిక్షణకు చేరాను. ఊళ్ళో అందరికీ అదొక వేళాకోళం. “ఎగురుడు దుంకుడు నేర్సుకోనీకి పట్నం పోతుండంట, మన చేన్ల దుంకుతె పైసలియ్యరా?” అని మా పెదనాన్న పదిమందిలో అనేవాడు. మా నాయన మాత్రం నవ్వలేదు. “ఒక్క ఏడాది జూస్త. గాడ గిట్ల ఫెయిలైతె మల్ల నాగలి పట్టుడే” అని ఒకే మాట చెప్పాడు. నేను పాసవడం అంటే నాకు ఉద్యోగం ఒక్కటే కాదు, ఆ నవ్వుల నుంచి బయటపడటం కూడా.

శిక్షణలో మొదటి పాఠాలు ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం. మీసాలున్న మగాళ్ళం ముప్పైమందిమి ఆరో తరగతి పిల్లల్లా నటించాలి. ఒకడు ఏడుస్తాడు, ఒకడు పక్కవాణ్ణి గిల్లుతాడు, ఒకడు నీళ్ళకు పోతానంటాడు. అక్కడ నేను మొనగాణ్ణి. ఆఖరి ఆరు వారాలకు మమ్మల్ని నలుగురు చొప్పున జిల్లా బడులకు పంపారు. నా జట్టుకు జహీరాబాద్ పడింది. మా ఊరికి దగ్గర అని సంబరపడ్డాను. అసలు పిల్లల ముందు నిలబడ్డాక నా మొనగాడితనం ఏపాటిదో తెలిసింది.

మొదటి పాఠం రోజు నలభైమందిని చక్కగా వరుసలో పెట్టి ‘సావధాన్’ అని అరిచాను. పిల్లలందరూ కళ్ళు చికిలించి, మొహాలు అటూ ఇటూ తిప్పుకుంటున్నారు. క్రమశిక్షణ లేదని కసురుకున్నాను. మా లెక్చరర్ నా నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో రాశాడు: ‘పిల్లలను ఎండకు ఎదురుగా నిలబెట్టావు. ఎండ నేర్పేవాడి కళ్ళలో పడాలి, నేర్చుకునేవాడి వీపు మీద పడాలి.’ రెండో పాఠంలో సగంలోనే గొంతు పోయింది. మూడో పాఠంలో రన్నింగు రేసుకు గీతలు వంకరగా గీశాను. ఐదో పాఠం అయ్యేసరికి నా పుస్తకంలో నీలం కంటే ఎరుపు ఎక్కువైంది. “ఫైనల్ పాఠం కూడా ఇలాగే ఉంటే వచ్చే ఏడు మళ్ళీ రావాలి” అని లెక్చరర్ చెప్పి హైదరాబాద్ బస్సెక్కాడు.

ఆ బడిలో పాత డ్రిల్ సారు ఒకాయన ఉండేవాడు. యాభై దాటిన మనిషి. ఖాకీ నిక్కరు, సుద్ద పూసిన తెల్ల బూట్లు. నా మొహం చూసి ఆయనకు జాలేసింది. ఇసుక గుంట పక్కన కూర్చోబెట్టి అసలు కిటుకు చెప్పాడు.

“జర ఇను బిడ్డా. ఫైనల్ నాడు ఎవ్వడు తప్పు చేయకపోతె, దిద్దెదానికి మార్కులెక్కడియి? పది పాయె. ఎవడన్న నిజంగనే తప్పు చేస్తె, అరగంటల నువ్వు దిద్దలేవు. అప్పుడు గూడ పాయె. గందుకే ముందుగల్లనే తప్పు చేసెటోన్ని జూస్కోవాలె.”

“రానోన్ని పెడితె సరిపోదా సార్?” అన్నాను.

“రానోనికి తప్పు చేయనీకి గూడ రాదు. మంచిగొచ్చినోన్నే పెట్టాలె. మొదటిసారి తప్పు చేయాలె, నువ్వు చెప్పినంక సరిగ్గ చేయాలె. పరీక్షకొచ్చిన పెద్దసారు ఎదురుంగ.”

అందరూ అలాగే చేస్తారట. ఆయన కూడా అలాగే పాసయ్యాడట. అది మోసమని నాకు అప్పుడు తోచలేదు. తేలికైన దారి దొరికిందని ప్రాణం లేచి వచ్చింది.

నా పాఠం హైజంపు. రెండు వెదురు గుంజలకు మేకులు కొట్టి, వాటి మీద అడ్డంగా వెదురు బద్ద పెట్టేవాళ్ళం. పక్కనుంచి పరుగెత్తి వచ్చి, బద్దకు దూరంగా ఉన్న కాలితో నేలను తన్నాలి. దగ్గరి కాలు ముందు లేస్తుంది. తొందరలో బద్ద వైపు కాలితోనే తన్నితే రెండో కాలు తగిలి బద్ద పడిపోతుంది. పిల్లలు మామూలుగా చేసే తప్పు అదే. ఎనిమిదో తరగతిలో ఆ తప్పు ఎన్నడూ చేయనివాడు ఒకడుండేవాడు.

మొగుడంపల్లి అవతల ఒక ఊరి నుంచి బస్సులో వచ్చేవాడు. ఇంట్లో కన్నడం, బయట తెలుగు. సన్నగా, పొడుగ్గా, కాళ్ళకు చెప్పుల్లేకుండా ఉండేవాడు. ఎవరు నేర్పారని అడిగితే, చేనికి కంప నాటి ఉంటుందనీ, చుట్టూ తిరిగి పోవడం దూరమనీ, అందుకని ఎగిరి దాటుతాననీ చెప్పాడు. పరుగు మొదలుపెట్టే ముందు పెదవుల మధ్య ‘ఒందు, ఎరడు, మూరు’ అని అడుగులు లెక్కపెట్టుకునేవాడు. వాడు బద్ద దాటుతుంటే నాలాంటివాడు నేర్పాల్సింది ఏమీ ఉండేది కాదు. వాణ్ణే పిలిచాను.

“నాకొస్తది గద సార్. తప్పెందుకు చేయాలె?” అన్నాడు.

“నువ్వు తప్పు చేస్తెనే నేను దిద్దుత. నేను దిద్దితెనే పాసైత.”

“పాసైతె మీరు గూడ సారైతరా?”

“అయిత.”

“అయితె చేస్త సార్.”

ఐదు రోజులు సాయంత్రం బడి వదిలాక సాధన చేశాం. వాడికి తప్పు రాలేదు. ఎంత చెప్పినా ఆఖరి అడుగులో కాలు తనంతట తానే సరైన చోట పడేది. బద్ద పడేది కాదు. నేను విసుక్కునేవాణ్ణి. సరిగ్గా ఎగిరినందుకు ఒక పిల్లవాణ్ణి తిట్టినవాణ్ణి ఈ వృత్తిలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. మూడో రోజు వాడే ఉపాయం కనిపెట్టాడు. పరుగు రెండో కాలితో మొదలుపెడితే లెక్క తారుమారై తప్పు కాలు వస్తుందని. ఇక అక్కణ్ణుంచి అదే పనిగా చేశాడు, మోకాలు గీరుకుపోయినా చేశాడు. వాడి బస్సు ఒక రోజు పోయింది కూడా. తప్పును అంత శ్రద్ధగా నేర్చుకున్న పిల్లవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

ఫైనల్ రోజు పొద్దున్నే ఇసుక తవ్వి మెత్తగా చేశాం. ఎర్రమట్టి మీద సున్నం గీతలు తిన్నగా పడ్డాయి. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దసారు కుర్చీలో కూర్చున్నాడు. పిల్లలను ఎండకు వీపు పెట్టి నిలబెట్టాను, ఎండ నా కళ్ళలో పడింది, గొంతు బాగా పలికింది. నలుగురైదుగురు దాటాక వాడి వంతు వచ్చింది. వాడు పెదవులు కదిపి, వేరే కాలితో పరుగు మొదలుపెట్టి, బద్దను తన్నుకుని ఇసుకలో బోర్లా పడ్డాడు. ముందే తెలిసి కూడా పిల్లలంతా పకపకా నవ్వారు. నేను విజిల్ ఊది, వాణ్ణి లేపి, ఎక్కడ పొరపాటయిందో చెప్పి, కాలు ఎలా వేయాలో చేసి చూపించాను. రెండోసారి వాడు బద్దకు జానెడు ఎత్తున దాటాడు. పెద్దసారు తల ఊపి కాగితంలో ఏదో రాసుకున్నాడు. నా గుండె కుదుటపడింది.

పాఠం తర్వాత హెడ్‌మాస్టరు గదిలో చాయ్ తెప్పించారు. హెడ్‌మాస్టరు, పెద్దసారు, పాత డ్రిల్ సారు, గుమ్మం దగ్గర నేను. పెద్దసారు అప్పుడు చెప్పాడు. హైదరాబాద్‌లో పిల్లల ఆటల హాస్టలు ఒకటి ఉందట. తిండి, బట్ట, చదువు, శిక్షణ అన్నీ సర్కారువే. జిల్లాలకు పోయినప్పుడు పనికొచ్చే పిల్లలను చూసి రమ్మని ఆయనకు చెప్పారట. ఇందాకటి క్లాసులో ముగ్గురు నచ్చారని వాళ్ళ వరుస నంబర్లు చదివాడు. వాడి నంబరు లేదు.

“ఆ పొడుగు పిల్లగాడు గూడ మంచిగ ఎగురుతడు సార్” అన్నాడు డ్రిల్ సారు, మెల్లగా.

“ఆ పడ్డవాడా? చెబితే ఎగిరాడులెండి. కానీ ఏ కాలితో తన్నాలో ఒంటికి తెలియదు. చెప్పి చేయించేది ఎంతదాకా వస్తుంది? ఈ ముగ్గురికీ పుట్టుకతో వచ్చింది” అన్నాడు పెద్దసారు.

డ్రిల్ సారు నా వైపు చూశాడు. ఆయన చెప్పలేడు, ఆ కిటుకు ఆయనదే. చెప్పాల్సింది నేను. ‘తప్పు నేనే చేయమన్నాను సార్, వాడికి వచ్చు’ అంటే చాలు. అంటే పాఠం పోతుంది. పాఠం పోతే ఏడాది పోతుంది. నాగలి, పెదనాన్న, పదిమంది నవ్వులు. ఇవన్నీ ఆ గుమ్మం దగ్గర నిలబడి ఒక్కసారిగా చూశాను. చాయ్ తాగాను. వేడిగా ఉంది, నాలుక కాలింది. ఏమీ అనలేదు. ఆనాడు నేను పిరికివాణ్ణి, ఇంకో మాట లేదు.

బయటికి వస్తే వాడు ఇసుక గుంట దగ్గరే ఉన్నాడు. ఎవరూ చెప్పకపోయినా పారతో ఇసుక సమం చేస్తున్నాడు. నన్ను చూడగానే మొహం వెలిగింది.

“మంచిగ చేసిన్నా సార్?”

“బస్సు పోతది, ఇంటికి పో” అన్నాను.

పాసయ్యాను. ఝరాసంగం వైపు ఒక బడిలో ఉద్యోగం వచ్చింది. మా నాయన ఊరంతా బెల్లం పంచాడు, పెదనాన్న కూడా తిన్నాడు. తర్వాతి రోజుల్లో నా దగ్గరికి కూడా పాఠాలు చెప్పడానికి కొత్తవాళ్ళు వచ్చేవారు. తప్పు చేసేవాణ్ణి ముందే పెట్టుకోవద్దని, నిజంగా పడే పిల్లవాడి కోసం ఓపిక పట్టమని చెప్పేవాణ్ణి. వాళ్ళు నన్ను చాదస్తుడి కింద జమకట్టారు. దానివల్ల ఆ పిల్లవాడికి ఒరిగిందేమీ లేదని నాకూ తెలుసు.

ఎనభైల చివర ఒక పొద్దున జహీరాబాద్ మార్కెట్‌లో అల్లం బస్తాలు లారీకెక్కిస్తున్న చోట నడుస్తున్నాను. “ఒందు, ఎరడు, మూరు” అని ఎవరో లెక్కపెడుతున్నారు. తిరిగి చూశాను. పొడుగ్గా, భుజాలు నిండి, మీసాలు వచ్చి ఉన్నాడు. నేను నోరు తెరిచేలోగా వాడే గుర్తుపట్టి నమస్తే పెట్టాడు. అల్లం వాళ్ళ చేనిదేనట. పక్కనున్నవాళ్ళకు చూపించి “మా సారు” అన్నాడు.

“ఎగురుడు ఇంక ఉన్నదా?” అని అడిగాను. ఆ ప్రశ్న ఎందుకడిగానో నాకే తెలియదు.

నవ్వాడు. “గప్పుడే ఇడ్సిపెట్టిన సార్. ముగ్గుర్ని తీస్కపోయిన్రు గద పట్నం, గప్పుడే. రెండోసారి సరిగ్గనే ఎగిరిన. పెద్దసారు గది జూసి గూడ వద్దన్నడంటె నాకు రానట్టే గద అనుకున్న.”

వాడి గొంతులో ఏ ఫిర్యాదూ లేదు. ఇన్నేళ్ళూ వాడికి సీటు పోయిందనే బాధపడ్డాను. తనకు రాదని వాడు నమ్మి ఉంటాడని నాకు తోచనే లేదు. భుజం పట్టుకుని లారీ పక్కకు తీసుకుపోయాను. అలవాటు చొప్పున వాణ్ణి ఎండకు వీపు పెట్టి నిలబెట్టాను. ఎండ నా కళ్ళలో పడుతుండగా జరిగింది జరిగినట్టు చెప్పాను. హెడ్‌మాస్టరు గది, పెద్దసారు మాట, నా చాయ్.

“నీకొచ్చు. ఆ బడిల నీ అంత మంచిగ ఇంకెవ్వనికీ రాకపోతుండె” అన్నాను.

వాడు తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

“తప్పు మీరే చేయమన్నరని ఆయనకు చెప్పలేదా సార్?”

“చెప్పలే.”

“ఎందుకు?”

“ఫెయిల్ చేస్తరని భయపడ్డ.”

లారీ మీదనుంచి ఎవరో వాణ్ణి కేకేశారు. వాడు ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు. తిడతాడని చూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

“మరి మీకెన్ని మార్కులు పడ్డయ్ సార్?”

“దేనికి?”

“నా తప్పు దిద్దినందుకు.”

“పదికి తొమ్మిది.”

తల ఊపాడు. “అయితె మంచిగనే చేసిన అన్నట్టు” అన్నాడు.

తువ్వాల భుజం మీద వేసుకుని బస్తాల దగ్గరికి నడిచాడు. ఎక్కడ ఆపాడో మరచిపోయినట్టున్నాడు. మళ్ళీ మొదటి బస్తా నుంచి లెక్కపెట్టుకున్నాడు, ఒందు, ఎరడు, మూరు.