నిమ్మసోడా పిల్ల

గ్రీసులోని మా వోలోస్ రేవులో వలలు బాగుచేసే ఆర్గిరిస్ నలభై ఏళ్లుగా లాంబ్రిని నడిపే హోటల్లో ఒకే కుర్చీలో కూర్చుంటున్నాడు. వెనక గోడ, ఎదురుగా గుమ్మం. గుమ్మం పక్కనే పాతకాలపు నిమ్మసోడా పోస్టరు. అందులో గళ్ల గౌను పిల్ల సీసా పైకెత్తి నవ్వుతూ ఉంటుంది.

"ఆ కుర్చీయే ఎందుకయ్యా?" అంటే, "మా ఆవిడ వస్తే కనబడాలిగా" అనేవాడు. ఆ మాటకు వాళ్లావిడ ఎవాంథియా మురిసిపోయేది. నేనైతే ఏనాడూ నమ్మలేదు.

ఈసారి ఈస్టరుకు గోడలకు సున్నం కొట్టించాక, లాంబ్రిని ఆ పోస్టరును తీసుకెళ్లి సరిగ్గా ఆర్గిరిస్ కుర్చీ వెనక గోడకు తగిలించింది.

మర్నాడు ఎవాంథియా వచ్చేసరికి మొగుడు ఎదుటి కుర్చీలోకి మారి, గుమ్మానికి వీపు పెట్టి, గోడకేసి చూస్తూ చేప తింటున్నాడు.

"ఏమయ్యోయ్, ఇప్పుడు నీ వీపుకు కళ్లొచ్చాయా?"

ఆర్గిరిస్‌కు పొలమారింది. హోటలంతా ఘొల్లున నవ్వింది. ఎవాంథియా పోస్టరును ఎగాదిగా చూసి, తనూ నవ్వేసింది.

"లాంబ్రినీ, దీన్ని మళ్లీ గుమ్మం పక్కనే పెట్టవే. నేనొచ్చేసరికి ఈయన మొహం వెలిగిపోతూ ఉండేది దీని పుణ్యానే!"