కన్నమ్మొదిన చదివించిన తీర్పు

బరంపురం బ్యాంకులో ఎవరైనా స్టాంపు ప్యాడు మూత తీస్తే చాలు, ఆ సిరా వాసనకు ఈ వయసులోనూ నాకు సిగ్గేస్తుంది. గోపాల్‌పూర్‌లో మా పక్కింటి కన్నమ్మొదినకు నేను చేసిన అన్యాయం గుర్తొస్తుంది.

వదినది ఎండుచేపల వ్యాపారం. ఒడియా బడిలో ఐదో తరగతి దాకా చదివింది. కొడుకు నారాయణ సిపాయి. ఎక్కడో దూరాన జనం మీద కాల్చమంటే కాల్చకుండా, తుపాకి నేల మీద పెట్టి వెళ్లిపోయాడని అతని మీద కేసు పెట్టారు. టీవీలో ఒక పార్టీ దేశద్రోహి అంది, ఇంకో పార్టీ దేవుడంది. మా రేవులోనూ రెండు జట్లయ్యాయి. ఒకరోజు ఒక నాయకుడు ఒడియాలో రాసిన కాగితం తెచ్చి, "నారాయణ కోసమే, వెయ్యండి" అన్నాడు. చదువురాని మేం ఆడవాళ్లమంతా చేపల చేతులు కొంగుకు తుడుచుకుని వరసగా వేలిముద్రలు వేశాం. అందులో ఉన్నదేమో అతనికి కఠిన శిక్ష వెయ్యాలని, ఆ ఇంటి సరుకు రేవులో ఎవరూ కొనరాదని!

వదిన ఆ కాగితం నకలు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"ఏటే గున్నమ్మా, తెలిసే ఏసినావా?"

"నీ కొడుక్కి మంచి సేత్తారన్నారొదినా."

"ఎవులన్నారు? కాగితం అందా? బుర్రలేని గేదె! రేపు పొద్దున్న సేపలారేసే కాడికి రా."

తన్నడానికేమో అనుకుంటూ వెళ్లాను. ఇసుక అరచేత్తో చదును చేసి ఒడియా అక్షరం రాసింది. రేవులో ఎవరూ కొనక, ఆమె రోజూ తట్ట బరంపురం మోసుకెళ్లి అమ్ముకునేది. బస్సెక్కే ముందు నాకు పాఠం చెప్పే వెళ్లేది. అప్పటికి నాకు యాభై దాటాయి. తెలుగు అక్షరాలు ఆమెకూ రావు. అవి తర్వాత ఇద్దరం కలిసి నేర్చుకున్నాం.

కొన్నేళ్లకు నారాయణ కేసు గెలిచి ఇంటికొచ్చాడు. ఆ మధ్యాహ్నం డప్పులతో, దండలతో జనం దిగారు. ఆ నాయకుడే ముందున్నాడు.

"తీర్పు సదివినారా ఎవులైనా?" అంది వదిన. వకీలు ఒడియాలో రాయించి పంపిన తీర్పు నా చేతికిచ్చింది. "సదువే."

కూడబలుక్కుని చదివాను. కాల్చమన్న ఆజ్ఞే చట్టవిరుద్ధం, కాల్చకపోవడం నేరం కాదు. డప్పులు మోగాయి. నేను కాగితం మడిచాను.

"కింద ఇంకా ఉంది."

"అదెందుకొదినా ఇప్పుడు?" అన్నాను మెల్లగా.

"సదువు."

తుపాకి వదిలి కాపలా చోటు విడిచి వెళ్లడం తప్పు, అందుకు మందలిస్తున్నాం అని చదివాను. డప్పులు ఆగిపోయాయి.

"ఇయ్యాల ఈ మాటెందుకు, మావుసీ?" అన్నాడు నాయకుడు, ఒడియాలో పిన్నీ అని వరస కలుపుతూ.

"నిన్న దెయ్యమన్నావు, ఇయ్యాల దేవుడంతన్నావు. నాను కన్నది మనిసిని. ఇదంతా ఇన్నాక కూడా ఏస్తానంటే దండ ఎయ్యి."

కొందరు దండలతోనే వెనక్కి పోయారు. నిలబడినవాళ్లు మాత్రం నారాయణ కళ్లలోకి చూసి వేశారు. అలాంటి వదిన పక్కన నిలబడి చదివింది నేనే. నా బతుకులో అంతకన్నా గొప్ప రోజు లేదు.

వదిన పోయింది. ఇప్పుడు ఏ కాగితం వచ్చినా మావాళ్లు నా దగ్గరికే తెస్తారు. మొదటి నుంచి చివరి దాకా చదువుతాను. మనవాళ్లకు గిట్టని మాట వచ్చినచోట గొంతు ఇంకాస్త పెంచుతాను.