మామ్మగారి ఖాళీ కంచం

మా మామ్మగారు పోయారని కబురు వచ్చేటప్పటికి నేను పత్తి చేలో ఉన్నాను. తీతకు వచ్చిన ఆడవాళ్లకు మజ్జిగ పోస్తుంటే ఫోను మోగింది. పోలండ్ నుంచి ఆవిడ చెల్లెలు. "అక్క ఆదివారం తెల్లవారుజామున నిద్రలోనే వెళ్లిపోయింది" అని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు సరికదా, "మీకు కవరు పోస్టు చేసింది, అందిందా?" అని అడిగింది. ఇంకా రాలేదన్నాను. "వస్తుంది. మంచులో తనే నడిచి వెళ్లి డబ్బాలో వేసొచ్చింది" అంది. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. చెంబు గట్టు మీద పెట్టి అక్కడే కూలబడ్డాను.

మామ్మగారు నాకు చుట్టం కాదు. మా ఆయన ఉద్యోగం మీద మేము మూడేళ్లు పోలండ్‌లో ఉన్నాం. అక్కడ మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు. కింద ఆవిడ, పైన మేము. పేరు పెట్టి పిలవడానికి నోరు రాక, మొదటి రోజే "మామ్మగారూ" అనేశాను. అదేమిటని చెల్లెలి చేత నన్ను అడిగించి అర్థం తెలుసుకున్నారు. ఆ తర్వాత పాలవాడితో సహా వీధిలో వాళ్లందరికీ "నేను మామ్మగారిని" అని చెప్పుకున్నారు.

ఆవిడ గురించి ముఖం వేలాడేసుకుని రాస్తే ఆవిడే ఒప్పుకోరు. డిసెంబరు వచ్చిందంటే చాలు, డెబ్భై దాటిన మనిషి చిన్నపిల్ల అయిపోయేవారు. మెట్ల కింద నిలబడి పైకి కేకేసేవారు, వాళ్ల భాషలోనే, మాకు అర్థమైనా కాకపోయినా. ఒకసారి అలాగే కేకేస్తే పరుగున దిగి వెళ్లాను. స్నానాలగదిలోకి లాక్కెళ్లి చూపించారు. తొట్టి నిండా నీళ్లు, అందులో ఇంత లావు బంగారుతీగ చేప, బతికున్నది! పండగ దాకా అది అందులోనే ఈదుతుందట. మరి స్నానమో అని సైగ చేస్తే, చేపకు స్నానం అవుతోందిగా అన్నట్టు చెయ్యి ఊపారు.

ఆ మొదటి క్రిస్మస్ సంగతి చెప్పాలి. మా గుంటూరు వైపు క్రిస్మస్ అంటే నాకు తెలిసింది ఒకటే. ఇంటి ముందు కాగితం నక్షత్రం, మధ్యాహ్నానికి స్నేహితురాళ్ల ఇళ్ల నుంచి కేకు, కోడి బిర్యానీ. కాబట్టి పండగ ముందురోజు సాయంత్రం, ఊరికే ఎలా ఉంటామని, మా చేలో కాయలతో మా అత్తయ్య కొట్టించి పంపిన కారం దట్టించి కోడివేపుడు చేశాను. గిన్నె ఇచ్చేసి వచ్చేద్దామని నేనూ మా ఆయనా కిందకి దిగి తలుపు తట్టాం. మమ్మల్ని ఎవరూ పిలవలేదు. పండగపూట చుట్టాల్లో మనమెందుకని మాకూ మొహమాటమే.

తలుపు తీసిన మామ్మగారు మమ్మల్ని చూసి కెవ్వున అరిచారు. గిన్నె నా చేతిలోంచి జారినంత పనైంది. ఆవిడ వెనక్కి తిరిగి చెల్లెలి మీద కేకలు, చెల్లెలు ఇటు పరుగు, ఇద్దరూ మమ్మల్ని చెరో రెక్కా పట్టుకుని లోపలికి లాగడం. ఏం తప్పు చేశామో అని మా ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. చెల్లెలు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఆవిడే ఆయాసపడుతూ చెప్పింది. "పండగ ముందు సాయంత్రం మేము బల్ల మీద ఒక కంచం ఎక్కువ వేస్తాం. పిలవకుండా వచ్చే మనిషి కోసం. మా అమ్మ వేసేది, మా అమ్మమ్మ వేసేది. ఇన్నేళ్లలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు రాలేదు. మీరొచ్చారు!"

మామ్మగారు నా బుగ్గలు రెండూ పట్టుకుని ఏదో అన్నారు. "పిలిస్తే వచ్చేవాళ్లకు కుర్చీ ఎవరైనా వేస్తారట" అని చెల్లెలు మాకు తెలిసేలా చెప్పింది.

ఇక నా గిన్నె సంగతి. మూత తీయగానే గదిలో ఇద్దరు అక్కచెల్లెళ్లకూ ఒకేసారి దగ్గు. ఆ తర్వాత తెలిసింది, ఆ రోజు వాళ్లకు ఉపవాసం. మాంసం ముట్టరు, చేప ఒక్కటే తింటారు. పొద్దుటి నుంచి సరిగ్గా తినకుండా, ఆకాశంలో మొదటి చుక్క కనిపించాకే కంచం ముందు కూర్చుంటారు. నేను నోరు తెరిచేశాను. ఇది మా కార్తీక సోమవారం! మా అత్తయ్య డాబా ఎక్కి చుక్క కోసం వెతకడం నాకు కళ్ల ముందు కనిపించింది. ఆ ఆనందంలో తెలుగులోనే ఏదేదో మాట్లాడేశాను. మామ్మగారు అంతా అర్థమైనట్టే తల ఊపారు. కోడి గిన్నెను మాత్రం కిటికీ బయట మంచులో పెట్టారు. మర్నాడు పొద్దున, పక్కన పాలగ్లాసు పెట్టుకుని, కన్నీళ్లు కారుస్తూ మొత్తం ఖాళీ చేశారు.

బల్లగుడ్డ కింద ఎండుగడ్డి పరిచి ఉంది, పశువులపాకలో పుట్టిన బిడ్డ గుర్తుగా. అరచేత్తో తడిమితే మా గడ్డివామి దగ్గర నిలబడినట్టుంది. భోజనానికి ముందు పూతరేకులా పల్చగా, తెల్లగా ఉన్న రేకు ఒకటి తెచ్చారు. ఒకరి చేతిలోని రేకు ఇంకొకరు కాస్త విరిచి నోట్లో వేసుకుని, మంచి మాట ఒకటి చెప్పాలి. అది అయితేగాని మెతుకు ముట్టకూడదు. ఆ తర్వాత ఎర్రటి పులుసు వడ్డించారు. ఎరుపు చూసి, హమ్మయ్య కారం దొరికిందని గరిటెడు తాగాను. బీట్‌రూటు! తియ్యగా ఉంది. ఎర్రగా ఉన్నదల్లా కారమే అనుకోవడం మా గుంటూరు వాళ్లకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

మేము ఇద్దరం కదా, ఆ ఒక్క కంచం దగ్గర ఇంకో కుర్చీ వేసి సర్దారు. మేము కూర్చున్నామో లేదో మామ్మగారు లోపలికి వెళ్లి ఇంకో కంచం తెచ్చి బల్ల చివర పెట్టారు. ఇదెవరికని అడిగాను. "ఇంకెవరైనా వస్తే?" అన్నారు.

రెండో ఏడు మహా ధీమాగా దిగి వెళ్లి ఆ చివరి కంచం ముందు కూర్చున్నాను. మామ్మగారు నన్ను భుజం పట్టి లేపేశారు. అప్పటికి వాళ్ల భాష నాకు కాస్త పట్టుబడింది. "అది నీది కాదు, అతిథిది. నువ్వు ఇంటి పిల్లవి. ఇదిగో నీ కంచం. తిన్నాక గిన్నెలు కూడా నువ్వే కడగాలి." నాకు ఎంత సంతోషమేసిందో! ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ మా ఆయన చేత కూడా కడిగించాను.

పర్చూరు దగ్గర మా ఊరికి తిరిగొచ్చాక కూడా మామ్మగారు మమ్మల్ని వదల్లేదు. వీడియోలో మా అత్తయ్యతో మాట్లాడేవారు. ఇద్దరికీ ఒక్క భాషా కలవదు. ఈవిడ మిరపకాయలు చూపిస్తే ఆవిడ ఎండబెట్టిన పుట్టగొడుగులు చూపించేవారు. ఏటా డిసెంబరు మొదట్లో కవరు వచ్చేది, అందులో ఒక రేకు. మొదటిసారి వచ్చినప్పుడు దాని మూల విరిగి ఉంది. పోస్టాఫీసు వాళ్ల నిర్వాకం అని ఫోనులో మండిపడ్డాను. మామ్మగారు పడీపడీ నవ్వారు. దూరాన ఉన్నవాళ్లకు పంపేటప్పుడు ముందు తన ముక్క విరిచి తిని, మిగతాది పంపుతారట. "నా వంతు నేను తిన్నాను, మీ వంతు మీరు తినండి" అన్నారు. అప్పటి నుంచి మా ఇంట్లోనూ ఆ సాయంత్రం చుక్క చూసే భోజనం. "చేప తింటా ఉపవాసం అంటారేందమ్మాయ్ వాళ్లు?" అని అత్తయ్య మొదట్లో తెగ ఆశ్చర్యపోయింది. ఇప్పుడు వాడరేవు నుంచి చేప తెప్పించేది ఆవిడే.

ఈ ఏడు మామ్మగారు లేరు, కవరూ లేదు. ఆవిడ చేత్తో వేసిన ఆఖరి కవరు. పండగ సాయంత్రానికి ఆ రేకు నా చేతిలో ఉండాలి, అంతే. రోజూ గేటు దగ్గర కాపు కాశాను. పోస్టుమ్యాన్ గారికి నేనంటే భయం పట్టుకుంది. సైకిలు మా వీధి మలుపు తిరగ్గానే, "ఇంకా రాలేదమ్మా!" అని దూరం నుంచే అరిచేవాడు. "నిదానంగా వస్తదిలే, పాపం అంత దూరం నుంచి రావొద్దూ" అనేది అత్తయ్య. పండగ ముందురోజు మధ్యాహ్నమూ ఆయన ఖాళీ చేతులే ఊపాడు.

సాయంత్రం బల్ల మీద వరిగడ్డి పరిచాను. పైన తెల్ల దుప్పటి. మాకు మూడు కంచాలు, చివర ఇంకో కంచం. అది చూసి అత్తయ్య అడిగింది. "ఇది పోయినావిడకా?"

"కాదత్తయ్యా, అది వచ్చేవాళ్లకి. మామ్మగారు ఇంటి మనిషి."

"అయితే ఇంటి మనిషికేదే కంచం?" అని అత్తయ్యే లేచి, నా పక్కన ఇంకొకటి పెట్టింది.

డాబా మీద నుంచి మా ఆయన "చుక్క, చుక్క!" అని కేక వేశాడు. రేకు లేకుండానే కూర్చోవాలా అని దిగులుపడుతుంటే, బయట సైకిలు బెల్లు. ఆగకుండా మోగుతోంది. పోస్టుమ్యాన్ గారు! తలకు మఫ్లరు, చేతిలో కవరు. "సాయంత్రం సంచిలో వచ్చిందమ్మా. రేపు పండగ సెలవు, ఎల్లుండి ఇస్తే మీరు నన్ను బతకనిస్తారా? ఇంటికి పోతా పోతా తెచ్చా!"

చెయ్యి పట్టుకుని లోపలికి లాగాను, అచ్చం ఆ రోజు మమ్మల్ని లాగినట్టే. "వద్దమ్మా, మా ఇంట్లోనూ పండగే, చర్చికి పోవాలి, మా ఆవిడ చూస్తా ఉంటది" అంటున్నా వినలేదు. ఆయన్ని ఆ చివరి కుర్చీలో కూర్చోబెట్టాం. బల్ల మీద చూసి ఆయన నవ్వాడు. "ఇదేం క్రిస్మస్ అమ్మా, గడ్డి పరిచి పప్పూ చేపా పెట్టారు? మేం రేపు బిర్యానీ వండుతుంటే!"

కవరు చించాను. రేకు బయటికి తీశాను. ఒక మూల లేదు.

పోస్టుమ్యాన్ గారి ముఖం చిన్నబోయింది. "అయ్యయ్యో, విరిగిందే. నా సంచిలోనే అయ్యుంటదా అమ్మా?"

అత్తయ్యే చెప్పింది. "నీ తప్పేం లేదులే నాయనా. ఆవిడ ముందే తినేసింది. ఇప్పుడు మన వంతు."

రేకు ఆయన ముందు పట్టాను. ఆయన కాస్త మొహమాటపడి చిన్న ముక్క విరుచుకున్నాడు. తర్వాత మా ఆయన, తర్వాత నేను. అత్తయ్య తన ముక్క నోట్లో వేసుకుని వంటింట్లోకి వెళ్లింది. తిరిగి వస్తూ చెంగుతో తుడుస్తూ ఇంకో కంచం తెచ్చి, బల్ల చివర సర్దింది.