మొదటిసారి వచ్చేవాళ్లు

ఎవరి ఫోన్ చేతికి వచ్చినా ఉషశ్రీ బొటనవేలు ముందు సెట్టింగుల్లోకి వెళ్తుంది. బ్రౌజరు దాచుకున్న పాత బొమ్మలన్నీ చెరిపేసి, ఆ తర్వాతే సైటు తెరుస్తుంది. వాళ్లమ్మ ఫోన్లో కరెంటు బిల్లు కట్టాలన్నా అంతే. కడిగిన గ్లాసును మళ్లీ కడిగి నీళ్లు పోసుకునేవాళ్లు కొందరుంటారు. అలాంటిది.

ఆమెది కంకిపాడు. రోజూ బస్సులో బెంజ్ సర్కిల్ వస్తుంది. అక్కడ ఒక బట్టల షాపు మీద, మూడో అంతస్తులో ఆఫీసు. కొత్త సైటు జనం తాకిడికి నిలబడుతుందో లేదో ముందే చూడడం ఆమె పని. అందుకొక టూలు ఉంది. అది ఉత్తుత్తి మనుషుల్ని వేలల్లో తయారుచేసి సైటు మీదికి పంపుతుంది.

"మా అమ్మాయి లేనివాళ్లని పంపిస్తుందండీ," అని తల్లి రాజ్యలక్ష్మి పక్కింట్లో చెబుతుంది. "ఎక్కడికో మాత్రం నన్నడక్కండి."

ఆ వేసవిలో పెడన వైపు ఒక చేనేత సంఘం వాళ్ల సైటు ఆఫీసుకు వచ్చింది. సంఘం గోదాములో చీరలు పేరుకుపోయాయి. అవి కదిలితేనే కొత్త నూలు వస్తుంది, మగ్గాలు ఆడతాయి. ఒకే ఒక్క రోజు ఆన్‌లైన్ అమ్మకం పెట్టి, టీవీలో ప్రకటన ఇచ్చారు. సంఘం అధ్యక్షుడు చౌడయ్య అడిగింది ఒక్కటే. ఫోటోలో పోగు కనబడాలి. అందుకని ఒక్కో ఫోటో చాలా పెద్దదైంది.

ఉషశ్రీ టూలు నడిపింది. సగం జనం రాకముందే సైటు పడిపోయింది. మేనేజరు వేణుగోపాల్ వచ్చి టూల్లో ఒక గడి మీద టిక్కు పెట్టాడు. మళ్లీ నడిపితే అంతా బాగుందని పచ్చగా వచ్చింది.

"చూశావా. బ్రౌజరు బొమ్మల్ని దాచుకుంటుంది కదా. నీ టూలు దాచుకోవడం లేదు, అదే తేడా."

"దాచుకోవాలండీ. కానీ ఎవరిది వాళ్లు దాచుకోవాలి. ఒకసారి తెచ్చుకున్న బొమ్మని బ్రౌజరు రెండో పేజీలో మళ్లీ అడగదు. గడువైపోతే మారిందా అని మాత్రం అడుగుతుంది. మారలేదంటే ఉన్నదే చూపిస్తుంది. టూల్లో నేను అదంతా పెట్టాను. మీరు పెట్టిన టిక్కుతో వేలమందికీ కలిపి ఒకటే సంచీ అయింది. మొదటివాడు తెచ్చుకున్నది అందరి దగ్గరా ఉన్నట్టు లెక్క."

"అయితే ఏంటి?"

"పెళ్లిలో ఒక్కడు భోంచేస్తే, ఊరంతా చెయ్యి కడుక్కున్నట్టండీ."

వేణుగోపాల్ నవ్వాడు. నవ్వి, పచ్చగా వచ్చిన రిపోర్టునే పంపించాడు.

చౌడయ్య ఆఫీసుకు వచ్చిన రోజున ఆమె ఆయనకే చెప్పాలనుకుంది. టీవీ చూసి వచ్చేవాళ్లంతా మొదటిసారి వచ్చేవాళ్లేననీ, వాళ్ల ఫోన్లలో ఏమీ ఉండదనీ, ఫోటోలు చిన్నవి చేద్దామనీ అంది. చౌడయ్య జేబులోంచి ఫోన్ తీసి సైటు తెరిచి చూపించాడు. చీరలు టకటకా వచ్చాయి.

"ఇంత స్పీడుగా వస్తుంటే ఏంటమ్మా నీ భయం? మా ఊళ్లో అందరికీ ఇట్టాగే వస్తుంది. పొద్దున లేస్తే ఎవరి చీర వాళ్లు చూసుకోవడమే పని. మా ఆవిడ భద్రమ్మయితే వంట మానేసి చూస్తుంది."

"ఒక్కసారి ఫోన్ ఇస్తారా అండీ?"

ఇచ్చాడు. ఆమె బొటనవేలు దాని పని అది చేసింది. సైటు మళ్లీ తెరిస్తే తెల్లగా నిలబడింది. చాలాసేపటికి ఒక అంచు వచ్చింది. చీర రాలేదు.

చౌడయ్య ముఖం మారిపోయింది. "బాగున్న ఫోన్ పాడుచేశావేంటమ్మా?"

"పాడవలేదండీ. కొత్తవాళ్లకి ఇలాగే వస్తుంది."

"కొత్తవాళ్ల సంగతి నీకెట్టా తెలుసు?"

"సారీ అండీ, మా అమ్మాయికి కాస్త చాదస్తం," అన్నాడు వేణుగోపాల్, ఫోన్ అందుకుంటూ. ఆఫీసు వైఫై పెట్టి చీరలన్నీ మళ్లీ తెప్పించి ఇచ్చాడు. చౌడయ్య ఒక్కొక్కటీ చూసుకుని, ఏదీ పోలేదని తేల్చుకున్నాక కాఫీ తాగాడు.

అమ్మకం రోజున తలుపులు తెరిచిన కాసేపటికే సైటు కూలింది. ఉషశ్రీ తెరమీద జనం లెక్క చూపే గీత పైకి లేచి, అక్కడే నిలిచిపోయింది. కొత్త సర్వర్లు తెచ్చి కలిపారు. అవీ మునిగాయి. వేణుగోపాల్ వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. ఇక ఆమె చేయగలిగింది ఏమీ లేదు. వచ్చినవాళ్లు తెల్లతెర చూసి వెళ్లిపోతున్నారు. ఈసారి వాళ్లు నిజంగా ఉన్న మనుషులు.

మధ్యాహ్నం చౌడయ్య ఫోన్ చేశాడు.

"నా ఫోన్లో బాగానే వస్తోందమ్మా. ఊళ్లో అందరికీ వస్తోంది. మరి ఒక్కళ్లూ కొనట్లేదేంటి?"

"వచ్చారండీ. చాలామంది వచ్చారు. లోపలికి రాలేకపోయారు."

"తలుపు తీసే ఉంది కదమ్మా. నాకు చీరలు కనబడుతూనే ఉన్నాయిగా."

ఆమె ఏదో చెప్పబోయింది. ఆయనే మళ్లీ అన్నాడు. "చీరలు నచ్చలేదంటావా? రంగులు ముదురేమో. భద్రమ్మ మొదట్నుంచీ అంటానే ఉంది."

"రంగులు కాదండీ."

"నువ్వు అట్టాగే అంటావులే, మంచిదానివి," అని పెట్టేశాడు.

మర్నాడు ఉదయం ఆమె కంకిపాడులో రోడ్డుకు అవతలి వైపు నిలబడి బందరు బస్సు ఎక్కింది. ఉయ్యూరు దాటాక కాలువ పక్కనే రోడ్డు. చెప్పవలసిన మాటల్ని దారంతా కూర్చుకుంది. చౌడయ్య వాళ్ల వీధిలోకి వెళ్లేసరికి అవి పెద్దగా మిగల్లేదు. అరుగు మీద చౌడయ్య ఉన్నాడు. లోపల మగ్గం ఆగి ఉంది. భద్రమ్మ మంచినీళ్లిచ్చి గుమ్మంలో కూర్చుంది.

"నువ్వే చూడమ్మా," అని ఆయన ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు. "ఇందులో ఏ చీర బాగాలేదో చెప్పు."

బొటనవేలు అలవాటుగా సెట్టింగుల వైపు వెళ్లింది. ఆమె దాన్ని వెనక్కి తీసుకుంది. సైటు తెరిచింది. చీరలు టకటకా వచ్చాయి. వాటిని ఒకటొకటిగా, పోగు కనబడేంత దగ్గరికి తెచ్చి, చివరిదాకా చూసింది.